ఏడువందల గ్రాముల సవతి

ఒకే స్నానాల గదిలో రెండు టూత్‌పేస్టు గొట్టాలు రెండు వేర్వేరు గ్లాసుల్లో నిలబడిన నాడు ఆ సంసారంలో దౌత్య సంబంధాలు తెగిపోయినట్టే భావించవలసి ఉంటుంది. రాజ్యాల పతనాన్ని గురించి గ్రంథాలు రాసిన మహానుభావులు కోటగోడలను గురించీ, ఏనుగుల బలగాన్ని గురించీ, మంత్రుల ద్రోహాలను గురించీ పుటలకు పుటలు నింపారు గాని, టూత్‌పేస్టు విభజనను గురించి అడుగున ఒక చిన్న గమనికైనా చేర్చలేదు. వారు సంసారులు కాకపోవడమే అందుకు కారణమై ఉండాలి.

ఈ ఇంట్లో ఆ విభజన జరిగి నేటికి నాలుగు రోజులు. శుక్రవారం సాయంత్రం దుర్భిణి కొత్త గొట్టం ఒకటి కొనుక్కొచ్చి, పాత గ్లాసుకు జానెడు దూరంలో కొత్త గ్లాసు పెట్టి, దాన్ని అందులో విజయస్తంభంలా నిలబెట్టింది. శనివారం ఉదయం ఆమె భర్త ఆ స్తంభాన్ని చూశాడు. దాని మీది అక్షరాలను శిలాశాసనం చదివినంత శ్రద్ధగా చదివాడు. తన గొట్టం మూతను మరింత గట్టిగా బిగించుకున్నాడు. అంతే, యుద్ధం ప్రకటితమైంది.

దుర్భిణి అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. తక్కువ ఖర్చుతో చిన్న ఉపగ్రహాలు తయారు చేసే ఆ ప్రయోగశాలలో, ఎదుటివాడి తప్పు ఎంత దూరాన ఉన్నా పట్టేస్తుందని తోటివాళ్లు తగిలించిన బిరుదు. ఆమె భర్తను అక్కడే తరాజు అంటారు. చెప్పుల పెట్టెకు కాస్త పెద్దదైన ఆ ఉపగ్రహంలో ఎవరి వస్తువు ఎన్ని గ్రాములు ఉండవచ్చునో తేల్చే బరువు పట్టిక అతని చేతిలో ఉంటుంది. గ్రాము దగ్గర అతను కన్నతల్లికైనా మినహాయింపు ఇవ్వడని ప్రతీతి. ఇందులో అతిశయోక్తి లేదు. ఉపగ్రహానికి చలీ ఎండా తగలకుండా కప్పే వెండిరంగు దుప్పటిని కుట్టింది అతని కన్నతల్లే. ముప్పై ఏళ్లు దర్జీ పని చేసిన ఆ మహాతల్లి దగ్గర అతను కుట్టుదారాన్ని కూడా తూచి తీసుకున్నాడు.

శుక్రవారం జరిగింది ఇంతే. ఉపగ్రహాన్ని పైకి మోసుకుపోయే రాకెట్ కంపెనీ నాలుగు కిలోలకు మించి ఒక్క గ్రాము కూడా ఒప్పుకోదు. తరాజు పట్టిక నాలుగు కిలోల నూట ఇరవై గ్రాములు చూపించింది. అతను తల ఎత్తకుండా, పదకొండు మంది ఎదుట, వాతావరణ సూచనలు చదివే గొంతుతో, ఎక్స్‌రే కన్ను తీసేద్దామన్నాడు.

ఆ కన్ను దుర్భిణిది. చచ్చిపోతున్న నక్షత్రాలు ఆఖరిసారి భగ్గుమన్నప్పుడు వెలువడే కిరణాలను పట్టే పరికరం. మామూలుగా బస్సంత ఉపగ్రహాల్లో తప్ప ఇమడని పనిముట్టును ఆమె ఎనిమిదేళ్లు కూర్చుని, కుదించి కుదించి, రెండు అరచేతుల్లో పట్టేంత చేసింది.

తీసేయడంతో ఆగినా బాగుండేది. కన్ను ఉండేది ఒక మూలన. అది పోతే ఆ వైపు తేలికైపోయి ఉపగ్రహం ఆకాశంలో తాగినవాడిలా తూలుతుంది. కాబట్టి ఆ ఖాళీలో ఏడువందల గ్రాముల అల్యూమినియం దిమ్మ ఒకటి బిగించాలని కూడా అతనే సెలవిచ్చాడు. తనను వెళ్లగొట్టి తన గదిలో ఒక దిమ్మతో కాపురం పెడుతున్నాడని ఆ సాయంత్రం దుర్భిణి అత్తగారి దగ్గర మొత్తుకుంది. అత్తగారు అంతా విని, ఆ దిమ్మకు అప్పటికప్పుడు ‘సవతి’ అని పేరు పెట్టింది. ఆ పేరు సోమవారానికల్లా ప్రయోగశాల దాకా పాకింది.

మంగళవారం ఉదయం భోజనాల బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు. కారు ఎనిమిదింపావుకు బయలుదేరుతుందని తరాజు తన తల్లికి తెలియజేశాడు. ఆ సమాచారం అందవలసిన వ్యక్తి అతని మోచేతికి బెత్తెడు దూరంలో రొట్టెకు వెన్న రాసుకుంటోంది. గడియారం చూడటం తనకు చిన్నప్పుడే నేర్పారని దుర్భిణి అత్తగారికి విన్నవించింది. కన్ను తొలగింపు కాగితం మీద మూడు గంటలకు సంతకాలని, ఆలోగా దాని కోసం అమర్చిన తీగలు విప్పి పెట్టాలని తరాజు తల్లికి చెప్పాడు. పీకదలచుకున్నవాళ్లే పీక్కోవచ్చునని దుర్భిణి అత్తగారికి చెప్పింది.

అత్తగారు చేతిలోని చెంచాను బల్ల మీద పెట్టింది. బొత్తిగా చప్పుడు కాకుండా పెట్టింది. ఆ ఇంట్లో పిడుగుకు ముందు వచ్చే నిశ్శబ్దం అదే.

“నేను ఈ ఇంట్లో అత్తగారినా, తపాలా బంట్రోతునా?” అంది. “ఆ గోడ నుంచి ఈ గోడకి ఉత్తరాలు మోసి మోసి నా నోరు అరిగిపోయింది. ఒరే, చెప్పేదేదో దాని మొహం చూసి చెప్పు. అమ్మాయ్, తిట్టేదేదో వాడి మొహం చూసి తిట్టు. నన్ను కాఫీ తాగనివ్వండి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు రోజులలో అదే మొదటిసారి. చూసుకున్నాక, చూసుకోకపోవడమే మేలని ఇద్దరికీ ఏకకాలంలో తోచింది. ఈ నాలుగు రోజులలో వారి మధ్య కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

అత్తగారు కాఫీ ముగించి, తనకు ప్రయోగశాలలో పదకొండింటికి పని ఉందని, బస్సులో వస్తానని, ఈ కారులో వచ్చేకంటే నడిచి రావడం నయమని ప్రకటించి లోపలికి వెళ్లిపోయింది.

కారులో రెండు కూడళ్లు దాటేవరకు ఇంజను తప్ప ఎవరూ నోరు విప్పలేదు. మూడో కూడలిలో ఎర్రదీపం పడింది. ఎర్రదీపం ముందు ఆగిన కారులో మౌనం రెట్టింపవుతుంది. ముందుగా ఓర్పు నశించింది తరాజుకే.

“ఇంకా ఎన్నాళ్లు ఇలా?”

“ఏది ఎలాగండీ?”

“ఆ ‘అండీ’ ఒకటి.”

వాళ్లిద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉంది. ఆఫీసులో ‘మీరు’, ఇంట్లో ‘నువ్వు’. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అది ఎన్నడూ తప్పలేదు. శుక్రవారం నుంచి దుర్భిణి ఇంట్లో కూడా ‘మీరు’ అంటోంది. మొహాన నీళ్లు చల్లినట్టు చల్లగా అంటోంది. అది విన్నప్పుడల్లా తరాజు దవడ కండరం ఒకటి కదులుతుంది. ఆ కదలికను చూడటానికే ఆమె అంటోందేమోనని అనుమానించవలసి వస్తుంది.

“ఆఫీసు విషయం కదండీ, ఆఫీసు మర్యాద,” అంది.

“సరే. నాకు అర్థమయ్యేలా చెప్పు. నీకు కోపం కన్ను తీసేసినందుకా, నలుగురిలో చెప్పినందుకా?”

“పదకొండు మందిలో.”

“ఇంట్లో ముందే చెబితే ఏం చేసేదానివి?”

దుర్భిణి కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఏడ్చేదాన్ని,” అంది. “తరవాత నిన్ను తిట్టేదాన్ని. ఆ తరవాత ఇద్దరం కూర్చుని లెక్క చూసేవాళ్లం. అక్కడ ఆ మూడింట్లో ఒక్కటీ చెయ్యడానికి లేకపోయింది. మంచినీళ్లు తాగాను.”

కోపంలో ‘నువ్వు’ జారిందని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టు కూర్చున్నారు. దీపం పచ్చబడింది.

తరాజు బండి కదిలిస్తూ తన వాదం వినిపించాడు. బ్యాటరీ తీయలేడు, రేడియో తీయలేడు, దిక్కు చెప్పే అయస్కాంత సూచి లేకపోతే ఉపగ్రహానికి తన మొహం ఎటు ఉందో తనకే తెలియదు. అవన్నీ ఒంట్లో అవయవాలు. కన్ను ఒక్కటే వచ్చిన చుట్టం. బరువు మించితే రాకెట్‌లో వాళ్ల చోటు ఇంకొకరికి పోతుంది, మళ్లీ చోటు దొరకడానికి నాలుగేళ్లో అయిదేళ్లో పడుతుంది. ఈసారి కన్ను లేకుండానైనా పంపితే, పని చేస్తుందని లోకానికి రుజువవుతుంది. వచ్చేసారి కన్నే ముందు ఎక్కుతుంది.

“వచ్చేసారి,” అంది దుర్భిణి. ఆ మాటను నోట్లో పడ్డ రాయిలా బయటికి తీసి చూసింది. “చుట్టం కోసం ఇల్లు కట్టి, ఇల్లు ఇరుకైందని చుట్టాన్ని గెంటేశారు. ఆ ఇల్లు పైకెళ్లి ఏం చేస్తుంది? తిరుగుతుంది. తిరుగుతున్నానని కిందికి కబురు పెడుతుంది. ఆ మాత్రానికి ఎనిమిదేళ్లెందుకు, బొంగరం చాలు.”

“పట్టికలో నీ పెట్టె ఎనిమిదివందల ఇరవై గ్రాములు. ఆ అంకె నువ్వు రాసిచ్చిందే. నేనేమైనా కలిపానా?”

ఆమె కిటికీ అద్దం పైకి ఎత్తింది.

“చెప్పు. ఒక్క గ్రాము కలిపానా?”

ఆమె చెప్పలేదు. ప్రయోగశాల గేటు వచ్చింది. కాపలా మనిషి లోపలికి తొంగి చూసి, ఇద్దరికీ వేర్వేరుగా రెండు నమస్కారాలు పెట్టాడు. వార్త గేటు దాకా చేరిందన్నమాట.

ఆమె ఎందుకు చెప్పలేదన్నది ఇంతవరకు ఆమెకూ, ఒక నోటుబుక్కుకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు. పాఠకులను ఆ ఇద్దరి సరసన కూర్చోబెట్టవలసిన సమయం ఆసన్నమైంది. దుర్భిణి పరికరం బరువు ఎనిమిదివందల ఇరవై గ్రాములు కాదు. ఆరువందల అరవై.

మూడేళ్ల కిందట, బరువులు పంచుకున్న మొదటి సమావేశంలో, ప్రతివాడూ తన వస్తువుకు కాస్త ఎక్కువే అడిగాడు. కదిలే బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు పట్టుకున్నట్టు, రేపు అవసరం పడకపోతుందా అని గ్రాములు పట్టుకున్నారు. దుర్భిణి నూట అరవై పట్టుకుంది. పరికరం చుట్టూ మందపాటి రేకు కవచం వేయవలసి వస్తుందేమోనని భయపడింది. వేయవలసిన అవసరం రాలేదు. ఆ మాట చెప్పి గ్రాములు తిరిగి ఇచ్చేయవలసిన అవసరం మాత్రం ప్రతి శుక్రవారం బరువుల సమావేశంలో వచ్చింది. ప్రతి శుక్రవారం ఆమె ఎనిమిదివందల ఇరవై అనే చెప్పింది. పరికరానికి తేమ తగిలితే చెడుతుంది గనుక దాన్ని పొడిగాలి నింపిన పీపాలో పెట్టి మూత వేశారు. ఇక తూచడానికి వీలు లేదు, ఆమె మాటే తూకం.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర బరువుల ప్రసక్తి తేకూడదని ఆమె ఒక నియమం పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఆఫీసును ఆఫీసులోనే వదిలి రావాలని కారణం చెప్పింది. అసలు కారణం అది కాదు. పదిమంది ఉన్న గదిలో ఒక అంకె చెప్పడం తేలిక. ఉప్పు అందించే మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పడం ఆమెకు చేతకాదు.

ఉపగ్రహాన్ని బిగించే, దుమ్ము చొరబడని శుచిగదిలోకి వెళ్లే ముందు ఒళ్లంతా తెల్లని అంగీ, తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకోవాలి. అవన్నీ వేసుకున్నాక మనిషికి కళ్లు తప్ప ఏమీ మిగలవు. మధ్య బల్ల మీద, దీపాల కింద, ఉపగ్రహం పక్కలు విప్పుకుని పడి ఉంది. పక్కనే సవతి. మర మీద కోసి, నునుపు చేసి, మూలలు గుండ్రంగా తీర్చిన దిమ్మ. నగలు పెట్టని పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది.

దుర్భిణి ఎవరూ లేనప్పుడు దాన్ని ఒకసారి ఎత్తి చూసింది. ఏడువందలు. తన పరికరం కంటే నలభై గ్రాములు ఎక్కువ. నక్షత్రాల చావును చూడగలిగిన యంత్రం బరువైందని తీసేసి, దానికంటే బరువైన అల్యూమినియం ముద్దను అదే చోట కూర్చోబెడుతున్నారు. ఈ ఘనకార్యాన్ని చూసి నవ్వే హక్కు లోకంలో ఆమె ఒక్కదానికే ఉంది. కాని ఆమెకు నవ్వు రాలేదు, చెవులు వేడెక్కాయి. ఎవరి మీది కోపంతో వేడెక్కాయో విచారించడానికి ఆమె ఇష్టపడలేదు. సిద్ధంగా ఒక మొగుడు ఉన్నాడు గనుక ఆ కోపం అంతా అతని పద్దులోనే వేసింది.

పదకొండింటికి అత్తగారు వచ్చింది. తెల్ల అంగీలో, చేతిలో కొలత టేపుతో, బట్టల దుకాణంలో చొరబడ్డ ఎలుగుబంటిలా ఉంది. దుప్పటిలో కన్ను బయటికి చూసే రంధ్రాన్ని ఇప్పుడు మూసి కుట్టాలి, ఆ కొలత కోసం వచ్చింది. రంధ్రం అంచును వేలితో తడిమి, ఇంత చక్కటి కాజాను మూసేయడం తన వృత్తిలో ఎన్నడూ చేయలేదని గొణిగింది. తరవాత దిమ్మను రెండు చేతులతో ఎత్తింది. ఎత్తి, దించలేదు.

“అమ్మాయ్, ఇటు రా,” అంది.

దుర్భిణి వెళ్లింది.

“నీ పెట్టెకు కొలతలు తీసుకున్న రోజు దాన్ని ఇలాగే పట్టుకున్నాను. పీపాలో పెట్టకముందు. గుర్తుందా?”

“గుర్తుంది అత్తయ్యా.”

“ఇది దానికంటే బరువుగా ఉంది.”

దుర్భిణి చేతి తొడుగు సవరించుకుంది.

“నా చెయ్యి తప్పు చెప్పదు. గుడ్డ పట్టుకుంటే ఎన్ని గజాలో చెప్పే చెయ్యి ఇది. నీ పెట్టె ఎంత?”

తెల్ల గుడ్డ చాటున దుర్భిణి పెదవులు కదలడం అత్తగారికి కనిపించలేదు. అంకె మాత్రం వినిపించింది. ఆవిడ దిమ్మను బల్ల మీద పెట్టింది, ఉదయం చెంచా పెట్టినంత నిశ్శబ్దంగా.

“నాలుగు రోజులు,” అంది. “నాలుగు రోజులు నా కొడుకు ఈ ఇంట్లో పరాయివాడిలా తిరిగాడు. నేను నీ పక్షం ఉన్నాను. వాడి కంచంలో అన్నం కూడా విసురుగా వడ్డించాను.”

“అందరూ ఎక్కువే రాస్తారు అత్తయ్యా. బ్యాటరీ ఆయన రాశాడు. రేడియో ఆవిడ రాసింది. నేనొక్కదాన్నే—”

“వాళ్లు వాడికి పెళ్లాలు కాదు.”

దుర్భిణి బల్ల మీద లేని దుమ్మును తుడిచింది.

“నేను మాత్రం గుడ్డ సరిగ్గానే అడిగేదాన్నా?” అంది అత్తగారు, ఈసారి గొంతు తగ్గించి. “అరగజం ఎక్కువే చెప్పేదాన్ని. చెయ్యి జారితే ఉంటుందని. కుట్టడం అయ్యాక మిగిలిన ముక్క మడతపెట్టి చేతికిచ్చేదాన్ని. నువ్వు ముక్క పెట్టెలో దాచుకున్నావు. దాచుకుని, గుడ్డ చాలలేదని వీధిన పడి ఏడుస్తున్నావు.”

ఇప్పుడు చెబితే ఆ పదకొండు మంది తన ముఖాన ఉమ్మేస్తారని, మూడేళ్లుగా తాను చెప్పిన ప్రతి అంకెనూ తిరగదోడతారని, పరికరం కూడా అబద్ధమే అంటారని దుర్భిణి ఒక్కపెట్టున చెప్పుకుపోయింది. ముందు మెల్లగా చెప్పింది. పోను పోను కోపం వచ్చింది. ఇంత అబద్ధం ఆడితే తప్ప ఒక ఆడది కష్టపడి చేసిన వస్తువుకు ఉపగ్రహంలో చోటు దొరకని పరిస్థితిని తాను తేలేదంది. అడిగినంత రాసుకునే మగమహారాజులను ఎవరూ అడగరంది.

అందులో నిజం లేకపోలేదు. అత్తగారు ఆ నిజాన్ని కాదనలేదు కూడా. కాజాకు సూది గుచ్చి పక్కన పెట్టింది.

“మూడింటి వరకు ఇది కుట్టను,” అంది. “ఆ తరవాత నీ ఇష్టం. కుట్టాక మళ్లీ విప్పమంటే విప్పను.”

మూడు గంటలకు సమావేశపు గదిలో పదకొండు మందీ ఉన్నారు. బల్ల చివర డైరెక్టర్ గారు. ఆయన కలం మూత విప్పే పద్ధతి చూస్తే రెండు దేశాల సరిహద్దు మారబోతోందని ఎవరికైనా అనిపిస్తుంది. తొలగింపు కాగితాన్ని ఆయన చదవసాగారు. ఎక్స్‌రే కన్ను తొలగించడమైనది. దాని స్థానంలో దిమ్మ బిగించడమైనది. తరాజు తన పట్టికలోకి చూస్తున్నాడు. ఈ నాలుగు రోజుల్లో అతను సన్నబడ్డాడని దుర్భిణికి అప్పుడే తోచింది. ఆ ఆలోచన మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

“సంతకం చేసేముందు ఒక మాట,” అంది. లేచి నిలబడింది. “నా పెట్టె బరువు నేను అబద్ధం రాశాను.”

డైరెక్టర్ గారి కలం గాలిలో ఆగింది. ఎవరో కుర్చీ జరపబోయి మానుకున్నారు.

పీపాలో పెట్టిన రోజున తాను తూచి రాసుకున్న నోటుబుక్కు పుటను ఆమె బల్ల మీద విప్పి పెట్టింది. తేదీ ఉంది, తూకం యంత్రం నంబరు ఉంది, ఆరువందల అరవై ఉంది. డైరెక్టర్ గారు కళ్లద్దాలు సవరించుకుని, ఈ అంకె ఎవరైనా ధ్రువీకరించగలరా అని అడిగారు. పీపా విప్పి తూచుకోవచ్చునని, అప్పుడు పరికరం పాడైతే ఆ నష్టం తనదేనని దుర్భిణి అంది. బ్యాటరీ ఆయన తన గోళ్లను పరిశీలించడం మొదలుపెట్టాడు. రేడియో ఆవిడకు దాహం వేసింది.

తరాజు పట్టిక మూశాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

అతను అడిగింది ఆమెనే. గొంతులో వాతావరణ సూచన లేదు.

“మొదటి నుంచి.”

“మూడేళ్లు.”

“మూడేళ్లు. ఈ గదిలో ఇంకెవరూ అలా రాయనట్టు చూడకండి. నేను ఒప్పుకున్నాను, అంతే తేడా.”

“రాస్తారు. నాకు తెలుసు,” అన్నాడు తరాజు. ఇప్పుడతను అందరితో మాట్లాడాడు, చూపు మాత్రం ఆమె మీదే ఉంది. “అందరూ పెంచి రాస్తారని మొదటి నెలలోనే తెలుసు. బ్యాటరీలో ఎనభై గాలి. రేడియోలో నలభై అయిదు. మా అమ్మ దుప్పటిలో కూడా పన్నెండు గ్రాములు గాలే. అవన్నీ లోపల్లోపల కోసేసే ఈ పట్టిక కట్టాను. నాలుగు కిలోల నూట ఇరవై అంటే, అన్ని అబద్ధాలూ తీసేశాక మిగిలిన లెక్క. ఒక్క వరుస మాత్రం రాసింది రాసినట్టే దించాను.”

బ్యాటరీ ఆయన గోళ్ల మీంచి చూపు ఎత్తలేదు.

“నన్ను కూడా అనుమానించి ఉంటే—” అంది దుర్భిణి.

“నీ కన్ను బతికేది.”

ఆఫీసులో, పదకొండు మందిలో, తొమ్మిదేళ్లలో మొదటిసారి అతని నోట ‘నీ’ అన్న మాట వచ్చింది. అది ప్రేమతో వచ్చింది కాదని గదిలో అందరికీ అర్థమైంది.

దుర్భిణి నోటుబుక్కును తన వైపు లాక్కుంది. తరవాత కోపమే ఆమెను ఆదుకుంది, ఎప్పటిలాగే. “అడగొచ్చుగా?” అంది. “ఎనిమిదేళ్ల పనిని పీకి పారేసే ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ అంకె నిజమేనా అని ఇంట్లో అడగొచ్చుగా? అడిగితే చెప్పేదాన్ని. నీ మొహం చూసి అబద్ధం చెప్పలేనని నీకు తెలీదా?”

“ఇంట్లో బరువుల మాట ఎత్తొద్దన్నది నువ్వు.”

ఆమె కూర్చుంది.

తరాజు పట్టికను డైరెక్టర్ గారి ముందుకు జరిపాడు. ఇకపై దీన్ని ఇంకెవరికైనా అప్పగించమన్నాడు. తనకు ఏ అంకె చూసినా దాని వెనక ఎవరున్నారోనని వెతకబుద్ధి అవుతోందని, అలాంటివాడు తరాజుగా పనికిరాడని చెప్పాడు. తరవాత జేబులోంచి కారు తాళం చెవి తీసి దుర్భిణి నోటుబుక్కు మీద పెట్టాడు. కారు మీరు తీసుకురండి, నేను అమ్మతో కలిసి బస్సులో వెళ్తానన్నాడు. ఈ ఆఖరి వాక్యంలో అతను ఆమెను మళ్లీ ‘మీరు’ అన్నాడు. తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు. విసిరి కొట్టి ఉంటే ఆమెకు కొంత ఊరట కలిగి ఉండేది.

డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. చరిత్ర తన చేతుల్లో పడిందని గ్రహించిన మనిషి ఎలా గొంతు సవరించుకోవాలో అలాగే సవరించుకున్నారు. సత్యం ఆలస్యంగా వచ్చినా సత్యమేనని, మూడు కిలోల తొమ్మిదివందల అరవై అంటే హద్దుకు నలభై గ్రాములు లోపలే గనుక కన్ను ఉపగ్రహంలోనే ఉంటుందని, సంస్థ ప్రతిష్ఠ దక్కిందని అన్నారు. తొలగింపు కాగితాన్ని అడ్డంగా చింపారు. చింపిన చప్పుడుకు రేడియో ఆవిడ ఉలిక్కిపడింది.

చప్పట్లు కొట్టాలా వద్దా అన్నది ఎవరూ తేల్చుకోలేకపోయారు. గెలిచిన మనిషి మొహం చూసి మానుకున్నారు.

ఇక మిగిలింది రాకెట్ కంపెనీకి పంపవలసిన ప్రకటన. దాని తాలూకు ఖాళీ పత్రం వచ్చి మూడు నెలలైంది. సంతకం చేసే రోజున గాని ఇటువంటివి విప్పడం గౌరవభంగమని డైరెక్టర్ గారి సిద్ధాంతం. ఆయన కవరు అంచును చాకుతో కోసి, పత్రం మడత విప్పి, చూడకుండానే దుర్భిణి ముందుకు తోశారు. తప్పు రాసిన చేత్తోనే ఒప్పు రాయడం న్యాయమన్నారు.

ఆమె కలం తీసుకుంది. ‘ఉపగ్రహం మొత్తం బరువు’ అన్నచోట మూడు, తొమ్మిది, ఆరు, సున్న అని నిదానంగా రాసింది. పక్కన ‘గ్రాములు’ అని రాసింది. ఆ అంకె కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ఒక పంక్తి అచ్చయి ఉంది.

కిందటి ఏడాది సవరించిన నిబంధనల ప్రకారం అనుమతించే గరిష్ఠ బరువు: ఆరు కిలోలు.